వెంటిలేటర్ నుంచి సొంత ఊపిరికి: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది మర్రిగూడ మండలంలోని ఒక గ్రామం. మా అమ్మకు 64 ఏండ్లు. ఏండ్ల తరబడి బోరు నీళ్లు తాగడంతో ఫ్లోరోసిస్ వచ్చి నడుము వంగిపోయింది, మెడ కూడా సరిగా తిరగదు. న్యుమోనియాతో తొమ్మిది రోజులుగా నల్లగొండలోని ఒక ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నది. జ్వరం తగ్గింది, మమ్మల్ని గుర్తుపడుతున్నది. రెండుసార్లు మిషన్ ఆపి చూసి, అరగంట కాకముందే మళ్లీ పెట్టారు. మిషన్‌కు అలవాటు పడ్డది, ఇక తీయలేరని చుట్టాలు అంటున్నారు. డాక్టర్లేమో గొంతుకు రంధ్రం చేస్తామంటున్నారు. ఒప్పుకోవాలా?

జవాబు: అమ్మగారు మిమ్మల్ని గుర్తుపడుతున్నారన్న మాట మీ ఉత్తరంలో అన్నిటికంటే నాకు ధైర్యమిచ్చింది. పొగాకుకు అలవాటు పడినట్లు మనిషి వెంటిలేటర్‌కు అలవాటు పడడు. అయితే మీ చుట్టాల భయానికి కొంత ఆధారం లేకపోలేదు. ఊపిరి తీసుకోవడానికి ముఖ్యమైన కండరం డయాఫ్రం. పిండికట్టు వేసిన కాలు సన్నబడినట్లే, ఊపిరి పని మొత్తం యంత్రమే చేస్తుంటే ఈ కండరం కూడా రోజుల వ్యవధిలోనే క్షీణిస్తుంది. అందుకే వైద్యులు రోజూ మత్తుమందు తగ్గించి, రోగి సొంతంగా ఊపిరి తీసుకోగలరేమో పరీక్షిస్తారు.

మిషన్ ఆపి చూశారని మీరు రాసింది ఆ పరీక్ష గురించే. గొట్టాన్ని అలాగే ఉంచి, యంత్రం సాయాన్ని బాగా తగ్గించి, లేదా టీ-పీస్ (గొట్టం చివర తగిలించే T ఆకారపు గొట్టం) ద్వారా ఆక్సిజన్ మాత్రమే ఇచ్చి, 30 నిమిషాల నుంచి 2 గంటల వరకు గమనిస్తారు. శ్వాస నిమిషానికి 35 దాటినా, ఆక్సిజన్ 90 శాతం కంటే తగ్గినా, చెమటలు పట్టి ఆందోళన పెరిగినా వెంటనే ఆపి మళ్లీ యంత్రం మీద పెడతారు. నిమిషానికి తీసే శ్వాసల సంఖ్యను, ఒక్కో శ్వాసలో లోపలికి వెళ్లే గాలిని లీటర్లలో కొలిచి దానితో భాగించే లెక్క కూడా 1991 నుంచి వాడుకలో ఉన్నది. 20 శ్వాసలు, ఒక్కోదానికి 400 మిల్లీలీటర్లు (0.4 లీటరు) అయితే 50 వస్తుంది, అది మంచి సూచన. 30 శ్వాసలు, 250 మిల్లీలీటర్లు అయితే 120 వస్తుంది. 105 దాటితే ఊపిరి నిలవడం కష్టమని అర్థం. పరీక్షలో నిలబడకపోతే మనిషి దక్కరని కాదు. అలసిన కండరానికి ఒక రోజు విశ్రాంతినిచ్చి, ఎందుకు నిలబడలేదో వెతకాలని అర్థం.

మీ అమ్మగారి విషయంలో నాకు ముందుగా తడుతున్న కారణం ఫ్లోరోసిస్. అది ముదిరినప్పుడు పక్కటెముకలు వెన్నెముకతో కలిసే కీళ్లు బిగుసుకుపోయి ఛాతీ విప్పారదు. ఊపిరి భారమంతా డయాఫ్రం మీదే పడుతుంది. ఆ డయాఫ్రమే తొమ్మిది రోజులుగా పని తగ్గి బలహీనపడి ఉన్నది. కాబట్టి పరీక్ష పెట్టేటప్పుడు వీపుకు ఆసరా ఇచ్చి కూర్చోబెట్టడం, ఆకలి తీరేలా మాంసకృత్తులు అందించడం, ఫిజియోథెరపీ చేయించడం ఆమెకు మరింత అవసరం. యంత్రం ఒత్తిడి తగ్గగానే గుండెకు చేరే రక్తం పెరిగి, గుండె బలహీనంగా ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. ఎకో (గుండె స్కాన్) తీశారా, కఫాన్ని దగ్గి బయటకు తేగలుగుతున్నారా, రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ ఎలా ఉన్నాయి అని అడగండి. అడిగితే డాక్టర్లు నొచ్చుకుంటారని సంకోచించకండి, అది మీ హక్కు.

ఇక గొంతు రంధ్రం సంగతి. నోటి గొట్టం తీసేశాక ఊపిరి నిలవకపోతే మళ్లీ వేయాల్సి వస్తుంది. మెడ బిగుసుకుపోయిన మనిషికి ఆ పని చాలా ప్రమాదకరం. ట్రకియాస్టమీ, అంటే గొంతుకు రంధ్రం చేసి పెట్టే గొట్టం, ఉంటే ఆ భయం తగ్గుతుంది, మత్తు తగ్గించవచ్చు, పగలు కొన్ని గంటలు యంత్రం లేకుండా, రాత్రి యంత్రంతో ఉంచుతూ మెల్లమెల్లగా, బిడ్డకు పాలు మాన్పించినట్లు మాన్పించవచ్చు. కోలుకున్నాక గొట్టం తీసేస్తే చాలామందికి రంధ్రం కొద్ది రోజుల్లోనే పూడుకుంటుంది. మొదట్లో మాట రాదు, ఆ సంగతి అమ్మగారికి ముందే చెప్పండి. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ ముప్పు కొంత ఉంటుంది. వంగిన మెడకు ఈ శస్త్రచికిత్స కూడా కష్టమే కనుక అనుభవమున్న సర్జన్ ఉన్నారా అని కనుక్కోండి. లేకపోతే హైదరాబాద్‌కు తరలించే విషయం మాట్లాడాలి. సర్జన్ ఉన్నట్లయితే, నేనైతే ఒప్పుకోమనే చెబుతాను.

ప్రశ్న: మా తమ్ముడిని నేలమీద పడుకున్నప్పుడు కట్లపాము కరిచింది. మహబూబ్‌నగర్‌లో వెంటిలేటర్ మీద ఉన్నాడు. డాక్టర్లు రోజూ వచ్చి తల ఎత్తమంటున్నారు. ఎందుకు? (నాగర్‌కర్నూల్ జిల్లా పాఠకురాలు)

జవాబు: అతని ఊపిరితిత్తుల్లో జబ్బేమీ లేదు; కట్లపాము విషం నరాల కొసలను దెబ్బతీసి కండరాలను పడగొట్టింది. ఆ కొసలు తిరిగి చిగురించడానికి రోజులు పడుతుంది, పాము మందు ఎక్కించినా ఆ వ్యవధి తప్పదు. దిండు మీది నుంచి తల ఎత్తి ఐదు సెకన్లు నిలపగలిగితే బలం తిరిగి వస్తున్నదని, ఊపిరి పరీక్ష పెట్టే సమయం దగ్గరపడిందని డాక్టర్లకు తెలుస్తుంది. ఈలోగా ఒక్క మాట. రెప్పలు తెరవలేకపోయినా అతనికి అన్నీ వినిపిస్తూ ఉండవచ్చు. మంచం పక్కన ఏడవకండి, ఖర్చుల లెక్కలు మాట్లాడకండి. ఈరోజు ఏ వారమో, ఇంట్లో ఎవరెవరు ఎలా ఉన్నారో, గొట్టం ఎందుకు పెట్టారో అతని పేరు పిలిచి చెప్పండి.