తుంటి ఎముక ఆపరేషన్: ప్లేటా, నెయిలా? డిపాజిట్ గడువు దాకా ఆగాలా?

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. జారిపడటంతో తుంటి దగ్గర ఎముక విరిగింది. ఇంటర్‌ట్రోకాంటరిక్ ఫ్రాక్చర్ అన్నారు. ప్లేటు-స్క్రూ వేయొచ్చట, కాస్త ఖర్చెక్కువైనా నెయిల్ (ఎముక లోపలికి దించే కడ్డీ) కూడా వేయొచ్చట. తెలిసినాయన మాత్రం ‘బాల్ మార్పించేయండి’ అంటున్నారు. అమ్మ పేరిట ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు రెండు వారాల్లో తీరుతుంది. అప్పటిదాకా ఆగితే నష్టమా?

జవాబు: ఆగకండి. తుంటి విరిగిన పెద్దవాళ్లకు అదే రోజో మర్నాడో ఆపరేషన్ చేయాలని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ చెబుతోంది. మంచం మీద కదలకుండా గడిపే ప్రతి రోజూ న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, పుండ్లు పడటం లాంటి ముప్పు పెరుగుతుంది. రెండు వారాల వడ్డీ కోసం అంత ముప్పు తెచ్చుకోవద్దు. గడువు ఇంత దగ్గర్లో ఉంది కాబట్టి డిపాజిట్ రద్దు చేసే బదులు దాని మీద లోన్ దొరుకుతుందేమో అడగండి. దొరికితే ఆ కొద్ది రోజుల వడ్డీతో పోతుంది. దొరక్కపోతే రద్దు చేసేయండి. ఎలా చేసినా అమ్మగారి సంతకం కావాల్సి రావచ్చు. ఆపరేషన్ తర్వాత ఈ వయసువాళ్లలో కొన్నాళ్లపాటు మతి తడబడటం మామూలే. ఆమె మనసు తేటగా ఉన్నప్పుడే విషయం చెప్పి సంతకం తీసుకోండి.

ఇక బాల్, అంటే తొడ ఎముక పైకొసన ఉండే బంతిని మార్చడం. ఆ సలహా వేరే రకం ఫ్రాక్చర్‌కు సరిపోతుంది. తొడ ఎముక మెడ భాగం విరిగి ముక్క జరిగిపోతే బంతికి రక్తం అందదు. స్క్రూలతో బిగించినా అతకకపోవచ్చు, దాదాపు మూడింట ఒక వంతు మందికి మళ్లీ ఆపరేషన్ అవసరమవుతుంది. అందుకే అక్కడ బాల్ మారుస్తారు. మీ అమ్మగారికి విరిగింది మెడకు కింద. అక్కడ రక్తప్రసరణ బాగుంటుంది, బిగిస్తే సాధారణంగా అతుక్కుంటుంది.

కాబట్టి మీ ముందున్నవి ప్లేటు, నెయిల్ రెండే. డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి: ‘ఫ్రాక్చర్ స్థిరంగా ఉందా (బిగించాక ముక్కలు జరక్కుండా నిలుస్తాయా)? ఎముక బయటి గోడ గట్టిగా ఉందా?’ రెండింటికీ ‘అవును’ అంటే ప్లేటు-స్క్రూ చాలు, నైస్ సిఫారసూ అదే. విరిగిన గీత అడ్డదిడ్డంగా కిందికి దిగినా, బయటి గోడ పల్చబడినా ప్లేటు మీద ఎముక జారి కుంగిపోతుంది, స్క్రూ బంతిని చీల్చుకుని బయటికి రావచ్చు. అప్పుడు నెయిలే వేయించండి, ఖర్చు చూడకండి.

లెక్క ఇలా వేసుకోండి. ప్లేటు ఆపరేషన్ మొత్తం ఖర్చు 100, నెయిల్‌ది 115, చెడిపోతే చేసే రెండో ఆపరేషన్ ఖర్చు 150 అనుకుందాం (ఉదాహరణకే). నెయిల్ వల్ల రెండో ఆపరేషన్ అవకాశం కనీసం 10 శాతం పాయింట్లు తగ్గితేనే ఆ అదనపు 15 గిట్టుబాటవుతుంది. స్థిరమైన ఫ్రాక్చర్లలో అంత తేడా ఉండదు. అస్థిరమైన వాటిలో ఈ లెక్క నెయిల్ వైపు మొగ్గుతుంది. రెండో ఆపరేషన్‌లో పోయేది డబ్బొక్కటే కాదు, ఆ వయసులో ఆమె మళ్లీ లేచి నడిచే అవకాశం కూడా తగ్గుతుంది.

ఏది వేసినా ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించేది స్క్రూ ఎక్కడ కూర్చుందన్నది. బంతి కొసకు, స్క్రూ మొనకు మధ్య దూరాన్ని రెండు ఎక్స్‌రేల్లో కొలిచి కలుపుతారు. ఆ మొత్తం 25 మిల్లీమీటర్లలోపు ఉంటే మంచిది. ఆపరేషన్ అయ్యాక ఆ సంఖ్య అడిగి రాసుకోండి. ఇంప్లాంట్ (లోపల వేసిన ప్లేటు లేదా నెయిల్) స్టిక్కర్‌ను ఫైల్లో అతికించమనండి. బీమా క్లెయిమ్‌కూ, రేపు మళ్లీ తెరవాల్సి వస్తే సర్జన్‌కూ అదే ఆధారం. బీమా ఉంటే ఇంప్లాంట్‌కు విడిగా పరిమితి ఉందేమో ఆపరేషన్‌కు ముందే తేల్చుకోండి.

ఎస్టిమేట్‌లో ఫిజియోథెరపీ, వాకర్, ఇంట్లో తోడుండే మనిషి జీతం, తర్వాతి ఎక్స్‌రేలు తరచూ కనిపించవు. వీటికి మూడు నెలల సొమ్ము పక్కన పెట్టండి. మర్నాడే లేపి నిలబెట్టాలి కాబట్టి ఫిజియోలో కోత పెట్టకండి.

ఎముక గుల్లబారడానికి మందు ఖర్చు కూడా ఇందులోనే కలపండి. ఆపరేషన్ అయిన 90 రోజుల్లోపు మొదలుపెట్టి ఏడాదికోసారి 5 మిల్లీగ్రాముల జోలెడ్రానిక్ యాసిడ్ ఇచ్చినప్పుడు కొత్త ఫ్రాక్చర్లు 35 శాతం తగ్గాయని 2007లో వెలువడిన పరిశోధన తేల్చింది. కిడ్నీ పనితీరు, విటమిన్ డి, కాల్షియం చూశాకే ఆ ఇంజెక్షన్ ఇస్తారు. ఆ పరీక్షల గురించి డిశ్చార్జి రోజునే అడగండి.