లోను సంగతి తర్వాత, ముందు బండి పెట్టుకునే చోటు తేల్చండి

చిన్న వ్యాపారాలు నిలబడి నలుగురికి పని దొరకాలంటే మున్సిపాలిటీ ఏం చేయాలని అడిగారు. నాకు తెలిసిన జవాబు ఒక్కటే. బండి ఎక్కడ పెట్టుకోవాలో కాగితం మీద రాసిచ్చి, ఆ చోటు నుంచి కదపకుండా ఉంటే చాలు.

మా అమ్మది బస్టాండు దగ్గర టిఫిన్ బండి, పదహారేళ్లుగా. అమ్మ, పిన్ని, గిన్నెలు కడిగే ఆవిడ, ఆ ముగ్గురి ఇళ్లూ దాని మీదే గడుస్తాయి. 2022లో ఒక సంత రోజు పొద్దున ఏడింటికి మున్సిపాలిటీ వాళ్లు ట్రాక్టరేసుకుని వచ్చారు. ట్రాఫిక్‌కి అడ్డం, తీసేయమన్నారు. పెనం మీద రెండు పెసరట్లు కాలుతున్నాయి. "ఈ రెండూ తీసేస్తాను, ఒక్క నిమిషం ఆగండి బాబూ" అంటూనే ఉంది అమ్మ. పొయ్యి కట్టేసి గ్యాస్ బండతో పాటు టిఫిన్ బండినీ ఎత్తుకెళ్లారు. పిండి బకెట్టు ఒరిగిపోయి పిండంతా కాలవలోకి పోయింది. పిన్ని ఆ ట్రాక్టరు వెనకాలే ఆఫీసు దాకా నడిచింది.

అంతకు గంట ముందే అదే చోట ఆశీలు, అంటే బండి పెట్టుకున్నందుకు రుసుం, కట్టించుకున్నారు. చీటీ మీద 20, చేతిలోంచి తీసుకునేది 30, అది వేరే గొడవ. డబ్బు వసూలు చేసుకున్న చోటు గంటలో ఆక్రమణ ఎలా అయిపోతుంది?

బండి పదకొండు రోజులకు వచ్చింది, చక్రం వంగిపోయి. ఆ పదకొండు రోజులూ డైలీ ఫైనాన్స్ అతను సాయంత్రం ఆరింటికల్లా గుమ్మంలో ఉండేవాడు. అప్పుడే పీఎం స్వనిధి, అంటే వీధి వ్యాపారులకు అప్పిచ్చే కేంద్ర పథకం, రెండో విడత 20,000 వచ్చింది. ఆ పథకం మంచిదే. ఏడాదికి 7 శాతం చొప్పున వడ్డీ వెనక్కొస్తుంది. 2025లో మొదటి విడతను 10,000 నుంచి 15,000 చేశారు కూడా. కానీ మా 20,000లో తొమ్మిది వేలు జరిమానాకీ, బండి బాగుకే అయిపోయాయి. సరుక్కని ఇచ్చిన అప్పు సరుక్కి చేరలేదు.

2014 వీధి వ్యాపారుల చట్టం నేను ఆ తర్వాతే చదివాను. ఎత్తుకెళ్లిన సామానుకు జాబితా రాసివ్వాలి. పాడయ్యే సరుకు అడిగిన రోజే, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. మాకు జాబితా లేదు, రెండు రోజులూ లేవు.

బైపాస్ అవతల మాకోసమని షెడ్లు కట్టారు. బస్సు దిగినవాడు ఇడ్లీ కోసం అంత దూరం నడుస్తాడా? ఆ షట్టర్లు తుప్పు పట్టిపోతున్నాయి. ఆ డబ్బుతో బస్టాండు దగ్గర ఒక కుళాయి, ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి కట్టినా బాగుండేది. మా అమ్మ పొద్దున నాలుగు నుంచి పదకొండు దాకా మంచినీళ్లు తాగదు, ఎందుకో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు.

మీ ఊళ్లో టౌన్ వెండింగ్ కమిటీ, అంటే వీధి వ్యాపారాల సంగతి చూసే కమిటీ, ఉందేమో కనుక్కోండి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే, వాళ్లు ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. వీధి వ్యాపారికి ఇచ్చే సర్టిఫికెట్‌లో రాసిన చోటు నుంచి కదపాలంటే 30 రోజుల ముందు నోటీసివ్వాలని కూడా చట్టంలో ఉంది. నాలుగుసార్లు తిరిగితే అమ్మకు ఆ సర్టిఫికెట్ వచ్చింది. ఫొటో ఉంది, పేరుంది, టిఫిన్లు అని కూడా రాశారు. చోటు అన్న గడి ఖాళీగా వదిలేశారు.