సిస్టర్స్ స్కూలా, మెడికల్ బిల్లింగ్ కంపెనీయా? ముందు పే స్లిప్ చదవండి

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఎంఎస్సీ మ్యాథ్స్, బీఈడీ. సిస్టర్స్ నడిపే క్యాథలిక్ హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతోంది. వచ్చే జూన్‌కి ఐదేళ్లు నిండుతాయి. జీతం 21,500, చేతికొచ్చేది 19,500. ఇప్పుడు మధురవాడలో ఒక మెడికల్ బిల్లింగ్ కంపెనీ ఏడాదికి 3.6 లక్షలు ఇస్తామంటోంది. పదిహేను రోజుల్లో చేరాలట. రెండేళ్లకు లక్ష రూపాయల బాండ్, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇవ్వాలట. స్కూల్లో జీతం పెంచమని అడగవే అంటే, "సిస్టర్స్ సేవ చేస్తుంటే మనం డబ్బు ఎలా అడుగుతాం" అంటోంది. మారమంటారా? ఆఫర్ లెటర్, స్కూలు పే స్లిప్ జత చేశాను.
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, 3.6 లక్షలంటే నెలకు ముప్పై వేలు, అంటే పదివేలు ఎక్కువ అని మీ ఇంట్లో లెక్క వేసుకుని ఉంటారు. ఆ పదివేలు ఆఫర్ లెటర్ రెండో పేజీలోనే కరిగిపోయాయి.

అందులో 36,000 'వేరియబుల్'. పనితీరు బాగుంటే ఏడాది చివర ఇస్తారు, లేదంటే లేదు. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ 21,600 కూడా ప్యాకేజీలోనే చూపించారు. గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు యాజమాన్యం ఒకేసారి ఇచ్చే డబ్బు) పేరుతో 8,658, ఇన్సూరెన్స్ ప్రీమియం 6,000. ఇవన్నీ తీసేస్తే నెలకు దాదాపు 24,000 మిగులుతుంది. దాంట్లోంచి అమ్మాయి వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 22,000కి కాస్త అటూ ఇటూ. స్కూలు జీతంతో పోలిస్తే నెలకు రెండున్నర వేలు ఎక్కువ, అంతే. గాజువాక నుంచి మధురవాడ అంటే ఊరు ఈ కొస నుంచి ఆ కొస. ఎన్ఏడీ జంక్షన్ దాటి రోజూ వెళ్లి రావడానికి అయ్యే ఖర్చు ఆ రెండున్నర వేలలోంచే పోవాలి. పైగా లెటర్‌లో 'అవసరాన్ని బట్టి షిఫ్ట్' అని రాశారు. వాళ్లు చూసేది అమెరికా ఆసుపత్రుల క్లెయిమ్‌లు. ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి మాట్లాడే విభాగంలో వేస్తే రాత్రి పనే. క్యాబ్ ఇస్తారా, ఇంటి దాకా దింపుతారా అన్నది ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఇక స్కూలు సంగతి. పే స్లిప్‌లో బేసిక్, డీఏ కలిపి 15,600 ఉంది. గ్రాట్యుటీ లెక్క ఏమిటంటే, ఆ మొత్తాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాదికి వచ్చేది. మీ అమ్మాయికి ఏడాదికి సరిగ్గా 9,000, ఐదేళ్లకు 45,000. ఐదేళ్లు నిండకుండా మానేస్తే మామూలుగా ఇందులో పైసా రాదు. నాలుగేళ్ల 240 రోజులు చాలని మద్రాస్ హైకోర్టు గతంలో చెప్పిన మాట నిజమే గానీ, దాన్ని నమ్ముకుని రాజీనామా చేస్తే కోర్టుల చుట్టూ తిరగాల్సి రావచ్చు. జూన్ దాకా ఆగితే కంపెనీ జీతంలో మీరు వదులుకునేది నెలకు రెండున్నర వేలే. ఎలా చూసినా ఆగడంలోనే లాభం.

"టీచర్లకు గ్రాట్యుటీ ఉండదండీ" అని స్టాఫ్‌రూమ్‌లో ఎవరో ఒకరు అంటారు. ఒకప్పుడు అది నిజమే. 2004లో సుప్రీంకోర్టు అలాగే చెప్పింది. ఆ తర్వాత 2009లో చట్టం మార్చి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా టీచర్లను చేర్చారు. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తేల్చేసింది. మైనారిటీ సంస్థ కదా అని దీన్నుంచి మినహాయింపేమీ లేదు.

అయితే ఒకటి చూసుకోవాలి. కొన్ని ప్రైవేటు స్కూళ్లు ఏప్రిల్‌లో టీచర్లను ఆపేసినట్టు చూపించి, జూన్‌లో కొత్త ఆర్డర్ చేతికిస్తాయి. సర్వీసు ఎప్పటికీ ఐదేళ్లకు చేరకుండా చేసే పని ఇది. ఉమంగ్ యాప్‌లో అమ్మాయి పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి మే నెల వరుసలు చూడండి. ప్రతి ఏడాదీ మే నెలకు ఆమె వాటా పడిందా? స్కూలు వాటాలో కొంత పెన్షన్ ఖాతాకి, మిగతాది పీఎఫ్‌కి వెళ్లిందా? అవి ఉంటే సర్వీసు తెగలేదని చెప్పడానికి మీ చేతిలో మంచి ఆధారం ఉన్నట్టే. వాటికి తోడు అపాయింట్‌మెంట్ ఆర్డర్లన్నీ ఒక ఫైల్లో పెట్టండి. మీరు పంపిన స్లిప్‌లో ఒక మంచి విషయం గమనించాను. యాజమాన్యం వాటాను జీతంలోంచి కోయడం లేదు. అలా కోయకూడదని పీఎఫ్ నిబంధనల్లోనే ఉంది. అయినా రెండు వాటాలూ టీచర్ నెత్తినే వేసేవాళ్లు, బ్యాంకులో ఒక అంకె వేసి అందులో కొంత నగదుగా వెనక్కి తీసుకునేవాళ్లు ప్రైవేటు విద్యాసంస్థల్లో ఉన్నారు. మీ అమ్మాయి స్కూలు ఆ బాపతు కాదు.

ఇప్పుడు మొహమాటం గురించి. నాకు ఈ ఉత్తరంలో అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించింది ఇదే. సేవ చేసేది సిస్టర్స్. వాళ్ల తిండి, వసతి, వైద్యం, ముసలితనం అన్నీ వాళ్ల సన్యాసినుల సంఘం చూసుకుంటుంది, వాళ్ల జీతం సంఘానికే వెళుతుంది. ఆ జీతాలకు కూడా టీడీఎస్ (జీతం ఇచ్చేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయాల్సిందేనని 2024 నవంబర్‌లో ఎయిడెడ్ సంస్థల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ అమ్మాయికి అలాంటి సంఘం లేదు, మీరే ఉన్నారు. ఆమె చేసేది ఉద్యోగం. పైగా జీతం అడగడం క్యాథలిక్ చర్చి దృష్టిలో తప్పేమీ కాదు. 1891లో పదమూడో లియో పోపు కార్మికుల గురించి రాసిన లేఖలో, ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన ఏ జీతమైనా న్యాయమైపోదని, పొదుపుగా బతికే మనిషి పోషణకు అది సరిపోవాలని చెప్పాడు. 2025లో ఎన్నికైన పోపు లియో అనే పేరు ఎంచుకోవడానికి ఆ లేఖ కూడా ఒక కారణమని ఆయనే చెప్పారు. ఈ సంగతి సిస్టర్‌కి మనం చెప్పనక్కర్లేదు, ఆమెకు మనకన్నా బాగా తెలుసు.

అడిగే పద్ధతి మాత్రం ముఖ్యం. ప్రిన్సిపల్ సిస్టర్‌తో మాట్లాడి ఊరుకోవద్దు. సిస్టర్స్‌కి బదిలీలు ఉంటాయి. "వచ్చే ఏడాది చూద్దాం అమ్మా" అన్న సిస్టర్ వచ్చే ఏడాదికి ఇంకో ఊళ్లో ఉండొచ్చు, కొత్తగా వచ్చినావిడకు ఆ మాట తెలియదు. కరస్పాండెంట్ (యాజమాన్యం తరఫున స్కూలు వ్యవహారాలు చూసేవారు) పేరున ఒక పేజీ లెటర్ రాసి, ప్రిన్సిపల్ ద్వారా పంపమనండి. పదో తరగతి లెక్కల ఫలితాలు, ఐదేళ్ల సర్వీసు, అడుగుతున్న అంకె, అంతే ఉండాలి. ఇంట్లో ఇబ్బందులు రాయొద్దు. ఫీజుల మీద నడిచే స్కూలుకి డబ్బు కటకట ఉండటం నిజమే. కానీ కొత్త బ్లాక్ కట్టడానికి ఉన్న డబ్బు జీతాలకు ఎందుకు లేదని ఎవరూ అడగరు కాబట్టే అది బ్లాక్‌కి వెళుతుంది. పబ్లిక్ పరీక్షలకు ముందు లెక్కల టీచర్ వెళ్లిపోతే ఎంత ఇబ్బందో వాళ్లకు తెలుసు. ఆ విషయం బెదిరింపులా అనకూడదు, అనకపోయినా వాళ్లకు అర్థమవుతుంది. నా అంచనాలో మూడు వేలు అడిగితే కనీసం కొంతైనా కదులుతుంది.

కంపెనీ తొందరపెట్టడం చూసి టెన్షన్ పడకండి. ఏడాది పొడవునా వాకిన్ ఇంటర్వ్యూలు పెడుతున్నారంటే ఏడాది పొడవునా జనం మానేస్తున్నారని అర్థం. జూన్‌లోనూ అక్కడ ఖాళీలు ఉంటాయి. వెళ్లాలనే ఉంటే హెచ్ఆర్‌ని రెండు అడగమనండి: నిరుడు వేరియబుల్ ఎంతమందికి పూర్తిగా ఇచ్చారు, ఈ టీమ్‌లో రెండేళ్లు దాటినవాళ్లు ఎంతమంది? తడబడితే అదే జవాబు. బాండ్ చెల్లదులే అని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. ఒరిజినల్స్ మాత్రం చూపించి, జిరాక్సులు ఇచ్చి, వెనక్కి తెచ్చుకోవాల్సిందే. దాచుకుంటామంటే ఆ ఉద్యోగం వద్దు.

ఇంకో మాట. ఎంఎస్సీ, బీఈడీ ఉన్న మనిషికి అసలు పోటీ ఈ కంపెనీ కాదు, డీఎస్సీ. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు భర్తీకి పెట్టారు. టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది, సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. టెట్ రాసి ఉంటే, మార్కులు తక్కువైతే మళ్లీ రాయమనండి. స్కూలు ఉద్యోగంలో సాయంత్రాలు చదువుకోవచ్చు, రాత్రి షిఫ్ట్‌లో చదివినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

జూన్ దాటాక కూడా స్కూలు కదలకపోతే నిశ్చింతగా మారమనండి. ఐదేళ్లు నిండిన తేదీ దాటాకే చివరి పని దినం పడేలా నోటీసు ఇవ్వాలి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అదే రోజు తీసుకోవాలి, గ్రాట్యుటీకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి. పీఎఫ్ డబ్బు తీసేయకుండా అదే యూఏఎన్‌తో (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కొత్త చోటికి మార్పించుకోమనండి. పదేళ్ల సర్వీసు పూర్తయితేనే పెన్షన్ హక్కు వస్తుంది, అందులో సగం ఆమెకు అప్పటికే అయిపోయినట్టు.