ఇల్లు–వాకిలి: పాత ఇంటికి బయానా ఇచ్చే ముందు

ప్రశ్న: పర్లాకిమిడిలో ఒక పాత మిద్దె ఇల్లు అమ్మకానికి వచ్చింది. టేకు దూలాలు, పైన సున్నపు కప్పు. కట్టి ఎనభై ఏళ్లు దాటిందట. లోపల మొన్ననే రంగులు వేశారు. కప్పు చూడడానికి బాగానే ఉంది గానీ గోడల అడుగున రంగు పొక్కులు లేస్తోంది. మేస్త్రీ ఒకసారి తిరిగి చూసి “గట్టి ఇల్లే” అన్నాడు. ఇంకేం చూడాలి?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: కొత్తగా రంగు వేసిన ఇంటిని రంగు పడని చోటి నుంచి చూడడం మొదలుపెట్టండమ్మా. అటక మీద, మెట్ల కింద, గోడ అలమర లోపల, స్నానాలగది బయటి గోడ. ఇంటి అసలు సంగతి అక్కడ తెలుస్తుంది.

మీరు రాసినదాన్ని బట్టి అది మద్రాసు టెర్రస్ కప్పు. దూలాల మీద అడ్డంగా పట్టెలు వేసి, వాటిపై సన్న ఇటుకలను సున్నంతో ఏటవాలుగా నిలబెట్టి పేరుస్తారు. ఆపైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు దిమ్మిస చేసి, చివరికి పలక పెంకులు పరుస్తారు. నీరు దిగకుండా కాపాడుకుంటే వందేళ్లయినా ఢోకా ఉండదు. అది పాడయ్యేది దూలం గోడలోకి దిగే చోట. అక్కడ గాలి ఆడదు. పిట్టగోడ మొదట్లో పగులు ఉంటే వాన నీరు నేరుగా దూలం కొస మీదికే దిగుతుంది. లోపల కొస పుచ్చిపోయినా గదిలోకి కనబడే భాగం నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకే కింద నిలబడి చూసినవాళ్లకు అది గట్టి ఇల్లే.

నిచ్చెన వేయించి, ప్రతి దూలాన్నీ రెండు కొసల దగ్గరా, గోడకు ఆనుకున్న చోట, సన్న స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిపించండి. మంచి టేకులో మొన రెండు మూడు మిల్లీమీటర్లకు మించి దిగదు. అర అంగుళం మెత్తగా దిగితే ఆ కొస పోయినట్టే. తర్వాత వంపు కొలవాలి. దూలం అడుగున రెండు కొసల దగ్గరా ఒకే మందం ఉన్న అంగుళం చెక్కముక్కలు పెట్టి, వాటి మీదుగా దారం బిగించండి. దూలం తిన్నగా ఉంటే మధ్యలో కూడా దారానికీ దూలానికీ నడుమ అంగుళం సందు ఉంటుంది. ఆ సందు ఎంత తగ్గితే దూలం అంత వంగినట్టు. పన్నెండు అడుగుల దూలానికి 15 మిల్లీమీటర్ల దాకా వంపు పాత కలపలో మామూలే. అన్ని దూలాలూ సమంగా ఉండి ఒక్కటే ఎక్కువ వంగితే మాత్రం దాని కొస జారిందా, పైన బరువు పెరిగిందా అన్నది తేల్చాలి.

బరువు అనడానికి కారణం ఉంది. కప్పు కారినప్పుడల్లా పైన ఒక పొర సిమెంటు పూయించడం చాలా ఇళ్లలో జరిగేదే. వంద చదరపు అడుగుల మీద అంగుళం మందాన సిమెంటు పూత అంటే దాదాపు 500 కిలోలు. అలాంటివి రెండు మూడు పొరలు పడితే ఆ దూలాలు మోయవలసినదానికన్నా చాలా ఎక్కువ మోస్తున్నట్టు. డాబా మీదికెక్కి వాన నీరు పోయే తూము చూడండి. తూము నోరు సగం మూసుకుపోయి, గుంటలో ఉన్నట్టు కనిపిస్తే పొర మీద పొర పడిందని అర్థం. సిమెంటు ఎండకు పగులుతుంది, పగుల్లోంచి దిగిన నీరు కింది సున్నంలో చిక్కుకుని మళ్లీ పైకి ఆరలేదు. కప్పుకు అది రెండింతల నష్టం.

దూలాల మీద మట్టి గీతలు పాకి ఉంటే చెదలు. నేల మీద మైదాలాంటి పొడి, కలపలో గుండుసూది బెజ్జాలు కనిపిస్తే కలపను తొలిచే పురుగు. రెండింటికీ వైద్యం వేరు. చెదలకు గోడా నేలా కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, ఒక్కోదానిలో లీటరు దాకా మందు పట్టిస్తారు. పైపైన మందు కొట్టి ఊరుకుంటే అవి గోడ వెనక నుంచి మళ్లీ వస్తాయి.

ఇక గోడ అడుగున పొక్కులు. ఆ కాలపు గోడలకు పునాది మీద చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని నీరు ఇటుకలోకి ఎక్కుతుంది, సాధారణంగా మూడడుగుల దాకా, దాంతో పాటు ఉప్పు కూడా. సున్నపు గోడ అయితే ఆ చెమ్మ బయటికి ఆరిపోయేది. దానిపై సిమెంటు పూత పూస్తే ఆరే దారి మూసుకుని చెమ్మ ఇంకా పైకెక్కుతుంది. గోడను తట్టి చూడండి. అడుగున మూడు నాలుగడుగులు సిమెంటు, పైన సున్నం ఉంటే శబ్దంలోనే తేడా తెలిసిపోతుంది. అనుమానం ఉన్న చోట అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని నాలుగు అంచులా టేపు అంటించి ఒక రోజు వదిలేయండి. కాగితం లోపలి వైపు నీటి బొట్లు పడితే చెమ్మ గోడలోనే ఉంది. వైద్యం ఖరీదైనదేమీ కాదు: చెమ్మ గీతకు అడుగు పైదాకా సిమెంటు చెక్కేసి, గోడను ఆరనిచ్చి, సున్నంతో పూయించాలి. అయితే వీధి ఎత్తు పెరిగి ఇల్లు పల్లంలో పడిందేమో కూడా చూడండి. రోడ్డు నుంచి అరుగెక్కడానికి ఒకప్పుడు మూడు మెట్లుండి ఇప్పుడు ఒకటే మిగిలితే, మిగతావి రోడ్డు కింద ఉన్నాయి. వీధి నీరు గోడకు ఆనకుండా కాలువ తీయలేని ఇంటికి ఎన్ని పూతలు వేసినా డబ్బు దండగే.

మహేంద్రతనయ నది వైపు ఇల్లయితే, 2018 అక్టోబరులో తిత్లీ తుపానప్పుడు నీరు ఎంతవరకు వచ్చిందో చుట్టుపక్కలవాళ్లను అడగండి. అమ్మేవాళ్లను కాదు. తలుపుల చట్రాల అడుగు భాగం కూడా గోటితో నొక్కి చూడండి. నీట నాని పుచ్చిన కలప ఎన్నేళ్లయినా అక్కడ మెత్తగానే ఉంటుంది.

ప్రశ్న: గోపాల్‌పూర్‌లో సముద్రానికి కిలోమీటరు లోపలే 1980ల నాటి శ్లాబు ఇల్లు. వంటగది కప్పు పెచ్చులూడితే సిమెంటు పూసి సరిచేశారట. బ్యాంకు ఇంజినీరు వచ్చి ధర కట్టి వెళ్లాడు. అది చాలదా?
– బరంపురం పాఠకుడు

జవాబు: చాలదండీ. బ్యాంకు చూసేది తన అప్పు తిరిగి వస్తుందా లేదా అన్నది. కప్పు మీ నెత్తిమీద ఎన్నాళ్లు నిలుస్తుందన్నది మీరే తేల్చుకోవాలి.

పెచ్చులూడడం రోగం కాదు, లక్షణం. లోపలి చువ్వ తుప్పు పట్టినప్పుడు ఆ తుప్పు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు చువ్వ వెంబడే చీలి కింద పడుతుంది. తుప్పును తీయకుండా పైన సిమెంటు పూస్తే రెండు మూడు వర్షాకాలాల్లో పక్కనే మళ్లీ ఊడుతుంది. ఒక సుత్తి తీసుకుని కప్పంతా అడుగు అడుగుకూ మెల్లగా తట్టించండి. డొల్ల శబ్దం వచ్చిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టండి. చివరికి ఆ సుద్ద గీతలు చూస్తే ఒకటి రెండు చోట్ల దెబ్బా, కప్పంతటి జబ్బా అన్నది మీ కంటికే తెలుస్తుంది. సన్‌షేడ్లు, బాల్కనీ, స్నానాలగది కింది కప్పు, నీళ్ల ట్యాంకు కింది భాగం ముందు చూడండి.

పెచ్చు ఊడిన చోట చువ్వను తీగల బ్రష్షుతో రుద్ది, వెర్నియరుతో (సన్నని మందాలు కొలిచే పరికరం) మందం కొలిపించండి. 8 మిల్లీమీటర్ల చువ్వ 7కు వస్తే తేడా ఒక్క మిల్లీమీటరే అనిపిస్తుంది, కానీ చువ్వ బలంలో దాదాపు పావు వంతు పోయింది. అలాంటి చోట పూత కాదు, అదనంగా చువ్వలు కట్టాలి.

ఇంజినీర్లు అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు మీద ఫినాల్ఫ్తలీన్ మందు చల్లి చూపిస్తారు. గులాబీ రంగుకు మారితే అక్కడ కాంక్రీటు చువ్వను ఇంకా కాపాడుతోంది. రంగు మారకపోతే ఆ శక్తి పోయింది. ఈ పరీక్ష మంచిదే, కానీ సముద్రపు ఒడ్డున దీన్ని ఒక్కదాన్నే నమ్మకండి. ఉప్పు గాలి వల్లనో, కట్టేటప్పుడు కలిపిన ఉప్పు ఇసుక, ఉప్పు నీళ్ల వల్లనో లోపలికి చేరిన క్లోరైడు ఈ మందుకు చిక్కదు. కాంక్రీటు గులాబీ రంగు చూపిస్తూనే ఉంటుంది, చువ్వ తుప్పు పడుతూనే ఉంటుంది. అందుకని రెండు మూడు చోట్ల కాంక్రీటు పొడి తీయించి ప్రయోగశాలలో క్లోరైడు పరీక్ష చేయించండి. చువ్వ దగ్గరి వోల్టేజీ కొలిచి తుప్పును పసిగట్టే హాఫ్-సెల్ పరీక్ష కూడా అడగండి. మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా కిందికి పోతే అక్కడ తుప్పు నడుస్తోందనే లెక్క.

శ్లాబు మరమ్మతు చేసుకోవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమనీ అడగొచ్చు. పిల్లరు మూల వెంబడి కింది నుంచి పైదాకా నిలువు పగులు ఉంటే మాత్రం లోపలి చువ్వ ఉబ్బుతోందని అర్థం. రెండు పిల్లర్లలో అది కనిపించిందంటే ఆ ఇల్లు వదిలేయమనే మా సలహా. పిల్లర్ల మరమ్మతు ఖర్చు ఎక్కడ తెగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: బరంపురం పాత వీధుల్లో ఇళ్లన్నీ ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి. మేం కొనదలిచిన ఇంటికీ పక్కింటికీ ఒకటే గోడ. ఇబ్బందులేమైనా వస్తాయా?
– ఒక పాఠకుడు

జవాబు: గోడ ఉమ్మడిదో కాదో దస్తావేజులో రాసి ఉండాలి. “పక్కవారి గోడ” అని హద్దుల్లో ఉంటే మీ దూలాలు మరొకరి గోడ మీద కూర్చున్నట్టు. రేపు వాళ్లు ఇల్లు పడగొట్టి పిల్లర్లతో కడతామంటే మీ కప్పుకు ఆధారం ఏమిటో ముందే లిఖితపూర్వకంగా తేల్చుకోవాలి.

గోడ మీద పగులును కొలవండి. వెంట్రుకవాసి పగుళ్లు పూతవి, వాటితో పనిలేదు. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఏటవాలుగా పాకి, ఐదు మిల్లీమీటర్లు దాటితే పునాది కుంగినట్టు. అది ఎప్పుడో ఆగిపోయిన పగులా, ఇంకా పెరుగుతోందా అన్నదే ముఖ్యం. పగులుకు అడ్డంగా రెండు చోట్ల ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ ముద్ద పెట్టి తేదీ రాయించండి. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిలు గీత గీయండి. నెల రోజుల్లో ముద్ద చిట్లినా, పగులు గీత దాటినా కదలిక ఆగలేదు. అమ్మేవాళ్లు నెల ఆగలేమంటే అదీ ఒక సమాచారమే.

ప్రశ్న: గుణుపురంలో ఇల్లు. పట్టా ఒడియాలో ఉంది, మాకు చదవడం రాదు. ఇల్లు బాగుంటే చాలు కదా?
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: ఇల్లు ఎంత బాగున్నా ముందు పట్టా చదివించుకోండి. ఒడిశా భూరికార్డుల భూలేఖ్ వెబ్‌సైటులో పట్టాలోని ఖాతా నంబరుతో చూస్తే హక్కుదారు పేరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం, కిసం (భూమి రకం) కనిపిస్తాయి. కిసం ‘ఘరబారి’ (ఇంటిస్థలం) అని ఉండాలి. సాగుభూమి అని ఉంటే ఇంటిస్థలంగా మార్పిడి జరగలేదన్నమాట. పట్టాలో ఇంకా తాతగారి పేరే ఉంటే వారసులందరి సంతకాలు కావాలి. ఒక్క కొడుకు సంతకంతో కొని ఆనక కోర్టు చుట్టూ తిరగకండి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే పత్రం) తీయించండి.

గుణుపురం రాయగడ జిల్లాలో ఉంది, ఆ జిల్లా అంతా షెడ్యూల్డు ప్రాంతం, అంటే ఆదివాసుల భూములకు ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. అక్కడ ఎస్టీల స్థిరాస్తిని ఎస్టీ కానివాళ్లు కొనడానికి 1956 నాటి 2వ రెగ్యులేషన్ ఒప్పుకోదు. ఎస్సీల భూమిని ఎస్సీ కానివాళ్లు కొనాలంటే 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టం 22వ సెక్షను కింద రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. ఇప్పుడు అమ్మేవాళ్లదే కాదు, వాళ్లకు ఎవరు అమ్మారో ఆ దస్తావేజు కూడా చూపించమనండి. వెనకటి బదిలీ చెల్లనిదైతే మీది కూడా నిలవదు.

ప్రశ్న: పాత ఇంట్లో చెక్క పట్టీల మీద వైరింగు ఉంది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు) ఒకటి పెట్టిస్తే సరిపోతుందా?
– జయపురం పాఠకుడు

జవాబు: సరిపోదు. ముందు మెయిన్ ఆపి, బల్బులు, ప్లగ్గులు అన్నీ తీసేసి, 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే పరికరం) వైర్ల ఇన్సులేషన్ కొలిపించండి. కనీసం ఒక మెగాఓమ్ రావాలి. రబ్బరు ఎండి పొడిరాలే వైర్లకు వానాకాలంలో అంత రాదు. ఎర్తింగు గుంత ఉందా, ఉంటే 5 ఓమ్‌ల లోపు చూపిస్తోందా అన్నది కూడా కొలవాలి. కొత్తగా వేయించేటప్పుడు దీపాలకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజరు, ఏసీలకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడి, ఆ తర్వాత 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంటు లీకయ్యే వైరింగుకు దాన్ని తగిలిస్తే రోజుకు పదిసార్లు పడిపోతుంది. విసుగెత్తి ఎవరో ఒకరు దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తారు, అప్పుడు ఇంట్లో ఏ రక్షణా ఉండదు.