మామయ్య దిద్దిన కథలు

కందుకూరు ప్రాంతంలో ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్న ఒక పాఠకురాలు తన 14 కథలను పుస్తకంగా వేసే ముందు, నెల్లూరులో ఉంటున్న మేనమామకు చూడమని ఇచ్చారు. ఆయన రిటైరైన తెలుగు పండితులు, చిన్నప్పుడు ఆమె చేత అక్షరాలు దిద్దించినవారు. ఆరు నెలల తరువాత తిరిగివచ్చిన ప్రతిలో పాత్రలు మాట్లాడే నెల్లూరు యాస మొత్తం పాఠ్యపుస్తకాల భాషగా మారిపోయింది. పొగాకు గ్రేడింగ్ కూలికి వెళ్లి పిల్లలను చదివించిన అమ్మమ్మ కథలో రెండు పేజీలు కొట్టివేసి ఉన్నాయి. చట్టం మన వైపే ఉందని భర్త అంటున్నారు. ఆమె మామయ్యకు ఫోను చేయడమే మానేసి, ఇప్పుడేం చేయాలని నాకు ఉత్తరం రాశారు.

అమ్మా, మీరు ఆయనకు కథలు ఇస్తూ అన్న మాట “ఒకసారి చూడండి మామయ్యా” అని రాశారు. ఎక్కడిదాకా చూడాలో ఆ మాటలో లేదు. పరాయి సంపాదకుడైతే అచ్చుతప్పులు మాత్రమే దిద్దాలా, వాక్యాలు కూడా సవరించాలా, కథ నడక గురించి అభిప్రాయం చెప్పాలా అని ముందే అడిగి, అనుమానం వచ్చిన చోట మార్జిన్‌లో ప్రశ్న రాసి, నిర్ణయం మీకే వదిలేవాడు. మామయ్య అడగలేదు, మీరూ చెప్పలేదు. పలక పట్టుకుని ఎదురుగా కూర్చున్న పిల్లను దిద్దినట్టే ఆయన మీ కథలనూ దిద్దారు, మీరూ ఆ పిల్లలాగే అలిగి కూర్చున్నారు.

యాస సంగతి తేలికైనది. తిక్కన పద్యం చెబుతూ ఒకచోట మాట తోచక “ఏమి చెప్పుదుం గురునాథా” అన్నాడనీ, రాస్తున్న గురునాథుడు దానినే పద్యంలో కలిపేసి, ధృతరాష్ట్రుణ్ణి సంజయుడు “కురునాథా” అని పిలిస్తే సంధిలో ‘క’ ‘గ’గా మారినట్టుగా అది సరిపోయిందని చూపించాడనీ మన నెల్లూరు వైపు చెప్పుకునే కథ మీ మామయ్యకు తెలియనిది కాదు. గురునాథుడు కొత్త మాట చేర్చలేదు, కవి నోట వచ్చిన మాటనే నిలబెట్టాడు. మీ పాత్ర “వస్తుండా” అన్నప్పుడు దానిని “వస్తున్నాను” చేయడం వ్యాకరణం కోసమా, పాత్ర కోసమా అని ఆయననే అడగండి. కథనంలో ఆయన దిద్దిన వాక్యాలు చాలావరకు మెరుగయ్యాయని మీరే ఒప్పుకున్నారు కాబట్టి, ముందు ఆ మాట చెప్పి తరువాత ఇది అడగండి. ఆరు నెలలు కూర్చుని పని చేసిన మనిషికి ఇప్పటిదాకా ఆ ఒక్క మాటా అందలేదు.

ఆ రెండు పేజీలు వేరు. అమ్మమ్మ మీకు కథలో పాత్ర, ఆయనకు కన్నతల్లి. ఆమె కూలి డబ్బుతో చదువుకున్న పిల్లల్లో ఆయనా ఒకరు. ఆకు దుమ్ముకు దగ్గుతూ తల్లి ఇంటికి వచ్చిన సాయంత్రాలను మీరు విని రాశారు, ఆయన చూశారు. అక్కడ గీత గీసింది తెలుగు పండితుడు కాదని నా అనుమానం. అది నామోషీ కావచ్చు, దుఃఖం కావచ్చు, మీరు రాసినది జరిగిన తీరుకు భిన్నంగా ఉండటమూ కావచ్చు. మూడవదే నిజమైతే మీ కథకు ఆయన అవసరం ఇంకా ఉంది. మొదటి రెండింటిలో ఏదైనా సరే, ఈ ఒక్క కథను బంధువులు కాని మరొకరి చేత చదివించి, పేజీలు ఉంచాలో వద్దో మీరే తేల్చుకోండి.

మీ వారు చెప్పిన చట్టం ఉన్న మాట నిజమే. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్, తన గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అభ్యంతరపెట్టే హక్కును రచయితకు ఇస్తుంది. అయితే ఇక్కడ పుస్తకం ఇంకా అచ్చుకే వెళ్లలేదు, మూలప్రతి మీ దగ్గరే ఉంది. మీ వారు మీ మేనమామ ముందు సెక్షన్లు చదవడం అనవసరపు రభస.

మిగిలిన 13 కథల్లోనూ ఆయన దిద్దుబాట్లలో ఏవి ఒప్పుకుంటున్నారో, ఏవి లేదో గుర్తులు పెట్టి పోస్టులో పంపండి. అమ్మమ్మ కథను మాత్రం పంపకండి. ఒక ఆదివారం నెల్లూరు వెళ్లి, కొట్టేసిన పేజీలతో సహా మీరే చదివి వినిపించండి. మధ్యలో ఆయన లేచి వెళితే అక్కడితో ఆపండి. ఆ పూట కలం మాత్రం ఇద్దరి చేతుల్లోనూ ఉండకూడదు.