డిస్క్ ప్లేటు మార్చాలంటే ఏ రకం మేలు?

ప్రశ్న: మాది కావలి. రోజూ 150 సీసీ బండి మీద జువ్వలదిన్నె వైపు రొయ్యల చెరువులకు వెళ్లి వస్తుంటాను. ముందు బ్రేకు పట్టినప్పుడల్లా లివరు వేళ్ల కింద అదురుతోంది. డిస్క్ ప్లేటు మార్చాలని మెకానిక్ అంటున్నారు. కంపెనీ ప్లేటు వేయించాలా, అంచు వంపులుగా ఉండే పెటల్ ప్లేటా, ఫ్లోటింగ్ ప్లేటా?

జవాబు: మీ బండికి కంపెనీ కొలతల్లో వచ్చే మామూలు స్టెయిన్‌లెస్ స్టీల్ ప్లేటే తగినది. అయితే డబ్బు పెట్టే ముందు పాతది నిజంగా చెడిందో లేదో చూడండి. ఎంత మందం వరకు వాడవచ్చో సాధారణంగా ప్లేటు మీదే చెక్కి ఉంటుంది. ప్యాడ్లు రాసుకునే చోట మైక్రోమీటరుతో నాలుగైదు వైపుల కొలిపించి, అంతకంటే తగ్గి ఉంటేనో, ఒక చోటికీ మరో చోటికీ తేడా కనిపిస్తేనో మార్పించండి.

మీ దారిలో ఉప్పుగాలి ఎక్కువ కనుక నాకు అసలు అనుమానం ప్యాడ్లను ప్లేటుకు నొక్కే కాలిపర్ మీద ఉంది. దాని పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుంటే, బ్రేకు వదిలిన తర్వాత కూడా ఒక ప్యాడు ప్లేటును ఒరుసుకుంటూనే ఉండి, ప్లేటు వేడెక్కి ఎగుడుదిగుడుగా అరుగుతుంది. ముందు చక్రాన్ని పైకి లేపి, బ్రేకు పట్టి వదిలి, చేత్తో తిప్పండి. జానెడు తిరిగి ఆగిపోయినా, రెండు ప్యాడ్లలో ఒకటే బాగా అరిగి ఉన్నా లోపం అక్కడే. అది సరిచేయించకుండా ఎంత ఖరీదైన ప్లేటు వేసినా మళ్లీ అదే గతి పడుతుంది.

ఫ్లోటింగ్ ప్లేటులో బయటి స్టీలు వలయం బటన్ల సాయంతో లోపలి భాగానికి అమరి ఉండడం వల్ల, వేడికి వ్యాకోచించినా వంకర పోదు. బరువైన, వేగమైన బళ్లకు ఆ గుణం ఎంతో అవసరం. మీ వాడకానికి అంత వేడి పుట్టదు. పైగా బటన్ల సందుల్లో ఉప్పు, మట్టి చేరి బిగుసుకుంటే దాని ప్రయోజనమే పోతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డులో దిగేటప్పుడైనా తక్కువ గేరులో ఇంజను పట్టు మీద దిగడమే ముఖ్యం. పెటల్ ప్లేటు బరువు కాస్త తగ్గిస్తుందే కానీ, రోడ్డు మీద బండి ఆగే దూరంలో మీకు తేడా తెలియదు. బోల్టు రంధ్రాలు కుదరక సాగదీసి బిగించే చవక ప్లేట్ల జోలికి మాత్రం దయచేసి పోకండి, అది ప్రాణాలతో చెలగాటం.

బండికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంటే, కొత్త ప్లేటు వేశాక చక్రం వేగాన్ని పసిగట్టే సెన్సారుకూ దాని రింగుకూ మధ్య సందు మారలేదని చూసుకోండి. ప్లేటు బిగించే చక్రం మధ్యభాగమైన హబ్ మీది తుప్పు గీకించి, ప్యాడ్లు కూడా కొత్తవే వేయించి, మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు కొట్టకుండా నడపండి. అప్పటికీ లివరు అదిరితే హబ్ వంకరగా ఉందేమో చూపించండి.