చిన్నాకు, మెషిన్‌కి పవర్ ఇచ్చే ముందు

చిరంజీవి చిన్నాకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఇంట్లోనే సీఎన్‌సీ మిల్లు, అదే కంప్యూటర్ చెప్పినట్టు లోహం కోసే మెషిన్, కట్టుకుంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బాలానగర్ షెడ్డులో నా పక్కన స్టూలేసుకుని కూర్చుని, అయస్కాంతంతో ఇనప రజను ఏరిన పిల్లాడివి కళ్లముందు మెదిలావు. ఎంత సంబరమేసిందో! ఆ వెంటనే, మెషిన్ కారు షెడ్డులో పెడుతున్నావనీ, పాప సాయంత్రమంతా అక్కడే ఆడుకుంటుందనీ అంది. ఇక రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు సాఫ్ట్‌వేర్ సంగతి. ఆర్డుయినో ఊనో అనే చిన్న బోర్డు మీద, మోటార్లు నడిపే జీఆర్‌బీఎల్ ప్రోగ్రామ్ పెడతానన్నావట. లెక్క వేసి చూడు. టేబుల్‌ని చుట్టుకి 5 మి.మీ. జరిపే బాల్ స్క్రూ, మోటారు చుట్టుకి 200 స్టెప్పులు, మోటారుకి కరెంటు అందించే డ్రైవర్‌లో ఒక్కో స్టెప్పుకి పది మైక్రోస్టెప్పులు పెడితే మి.మీ.కి 400 పల్సులు, అంటే కదలమనే సంకేతాలు. టేబుల్ నిమిషానికి 3,000 మి.మీ. పరిగెత్తాలంటే సెకనుకు 20,000. ఊనో 30,000 దాకా లాగుతుంది కాబట్టి ఇవాళ్టికి చాలు. కానీ నీ సంగతి నాకు తెలుసు, ఆర్నెల్లు తిరక్కుండానే నాలుగో యాక్సిస్, అంటే ఇంకో కదలిక, కావాలంటావు, దానికి ఊనో చాలదు. నా మాట విని కంప్యూటర్ మీద నడిచే లైనక్స్‌సీఎన్‌సీ పెట్టు, ఉచితమే. లాప్‌టాప్ వద్దు. పాత డెస్క్‌టాప్ తెచ్చి, అది ఎంత ఆలస్యంగా స్పందిస్తుందో చెప్పే లేటెన్సీ టెస్ట్ గంటసేపు నడిపి చూడు. పల్సులు కంప్యూటర్ చేత కాదు, దానికి ఈథర్‌నెట్ తీగతో కలిపే మెసా కార్డు చేత కొట్టించు. డబ్బు తగ్గించుకోవాలంటే కట్టర్‌ని తిప్పే స్పిండిల్ దగ్గర తగ్గించుకో, ఇక్కడ కాదు.

మోటార్లు నేమా 23 సైజువి, ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్ ఉన్నవి తీసుకో. పెద్దది కొంటే బలం అనుకుని 34 జోలికి పోకు. దానికి చాలినంత వోల్టేజి ఇవ్వకపోతే వేగం పెరిగేకొద్దీ టార్క్, అదే తిప్పే బలం, పడిపోతుంది. డ్రైవర్ల అలారం తీగలు తప్పకుండా కార్డుకి కలుపు. పవర్ ఉండగా మోటారు తీగ పీకకు, డ్రైవర్ కాలిపోతుంది.

ఇప్పుడు నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి.

2009లో పాత మిల్లింగ్ మెషిన్‌కి స్టెప్పర్ మోటార్లు బిగించి, కంప్యూటర్‌లో మాక్3 సాఫ్ట్‌వేర్ పెట్టి నేనే సీఎన్‌సీ చేశాను. ఎమర్జెన్సీకని ఎర్ర బటన్ కొన్నాను, మంచిదే కొన్నాను. దాన్ని నార్మల్లీ ఓపెన్‌గా, అంటే నొక్కితేనే తీగ కలిసేలా, కంప్యూటర్‌కి తీగలు కలిపే బ్రేకవుట్ బోర్డులో ఒక్క పిన్‌కి మాత్రమే కలిపాను. నొక్కితే కంప్యూటర్‌కి కబురు వెళ్లాలి, కంప్యూటరే ఆపాలి. మొదటిరోజు పదిసార్లు నొక్కితే పదిసార్లూ ఆగింది. తర్వాత ఎనిమిది నెలలు దాన్ని ముట్టుకునే పనే పడలేదు. ఈలోపు ఎప్పుడో అదురుకి టెర్మినల్ స్క్రూ వదులై తీగ జారిపోయింది. తీగ ఊడినా, బటన్ నొక్కకుండా ఉన్నా ఆ కంప్యూటర్‌కి రెండూ ఒకటే.

ఆరోజు నా దగ్గర పనిచేసే కుర్రాడు, పంతొమ్మిదేళ్లవాడు, టేబుల్ వెనక బ్రష్‌తో చిప్స్ ఊడుస్తున్నాడు. నేను చూసుకోకుండా సైకిల్ స్టార్ట్ కొట్టాను. టేబుల్ కాలమ్ వైపు కదిలింది. వాడి చెయ్యి క్లాంప్ బోల్టుకీ కాలమ్‌కీ మధ్య ఇరుక్కుంది. వాడు అరిచాడు. బటన్ నొక్కాను, ఆగలేదు. మళ్లీ నొక్కాను. మోటారు గుర్రుమంటూ తోస్తూనే ఉంది. గోడమీది మెయిన్ స్విచ్ నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగులు నాకిప్పటికీ కల్లోకొస్తాయి. చూపుడువేలు మొదటి కణుపు దాకా తీసేయాల్సొచ్చింది. వాడి పెళ్లిలో అక్షింతలు వేస్తూ నేను చూసింది ఆ చేతినే. ఈరోజుకీ వాడు నన్నొక్క మాట అనలేదు.

అందుకే ఒరేయ్, నీ ఎర్ర బటన్ నార్మల్లీ క్లోజ్డ్‌గా, అంటే నొక్కితే తీగ తెగేలా, మెయిన్ కరెంటు కలిపే కాంటాక్టర్ స్విచ్ కాయిల్‌తో సిరీస్‌లో ఉండాలి. నొక్కినా, తీగ తెగినా కాయిల్ పడిపోయి డ్రైవర్లకి కరెంటు పోవాలి. లైనక్స్‌సీఎన్‌సీకి రెండో కాంటాక్టు నుంచి కబురు పంపు, కానీ ఆపే పని దానికి అప్పగించకు. బటన్ వదిలినా, పోయిన కరెంటు తిరిగొచ్చినా మెషిన్ తనంతట తాను మొదలవకూడదు, నువ్వు స్టార్ట్ నొక్కితేనే కాంటాక్టర్ పట్టాలి. టేబుల్ చివరికి వస్తే ఆపే లిమిట్ స్విచ్‌లూ నార్మల్లీ క్లోజ్డే. ఇంకొకటి, నేను ఆలస్యంగా తెలుసుకున్నది: పవర్ తీసేస్తే బాల్ స్క్రూ పట్టి నిలవదు, హెడ్ దాని బరువుకి అదే కిందికి దిగుతుంది. హెడ్‌ని పైకీ కిందికీ జరిపే జెడ్ మోటారుకి బ్రేక్ ఉన్నది కొను, కరెంటు పోగానే పట్టేసే రకం. డబ్బు చాలకపోతే నన్నడుగు, మొహమాటపడకు.

షెడ్డు గడియ పాపకి అందని ఎత్తులో బిగించు. ఈ ఆదివారమే.

తీగలన్నీ కలిపాక పవర్ ఇవ్వకు, ఫోన్ చెయ్యి. రాత్రి బస్సెక్కి వస్తాను, నీకోసం దాచిన డయల్ గేజ్ కూడా తెస్తాను. ముందు టెర్మినళ్లన్నీ ఒక్కొక్కటే నేను లాగి చూస్తాను. ఆ తర్వాత నువ్వు స్విచ్ వేద్దువుగాని.

ప్రేమతో,
మామయ్య